‘మా క్లాసు జూకు పోయింది’: లాంగ్‌బెల్లు వ్యాఖ్యా సహితము

అవతారిక

మూడవ తరగతి బి సెక్షనుకు చెందిన ఒక కవయిత్రి ఈ గ్రంథాన్ని రచించినది. ఆరు అధ్యాయాలు. రూళ్ల నోటుబుక్కు నడిమి కాగితాలు చించి, స్టాప్లర్ పిన్నులు కొట్టి, అట్ట మీద ఏనుగు బొమ్మ వేసి తయారుచేసిన ప్రతి ఇది. లోపల ఎక్కడా ఏనుగు లేదు. అట్టకూ లోపలి సరుకుకూ సంబంధం ఉండాలన్న నియమాన్ని పెద్దల పుస్తకాలే పాటించడం లేదు కనుక దీన్ని దోషంగా ఎంచరాదు.

కవయిత్రి నాకు మనుమరాలు. ఈ బాంధవ్యం వల్ల వ్యాఖ్యాత పక్షపాతం వహించాడని ఎవరైనా ఆక్షేపించవచ్చు. మా కోడలు ఇప్పటికే ఆక్షేపించింది.

ఈ గ్రంథానికి నాకంటే ముందే ఒక వ్యాఖ్య పుట్టింది. పాఠశాలలోని ఒక విదుషీమణి ఎర్ర సిరాతో, మార్జిన్లలో, నిలబడి రాసినది. దాన్ని ఇకపై ‘అరుణవ్యాఖ్య’ అంటాను. క్లుప్తత దాని గుణం. మూలాన్ని కొట్టివేయడం దాని దోషం. వ్యాఖ్యాతలు మూలకర్తను పొగడడం, ముందటి వ్యాఖ్యాతను తెగడడం సంప్రదాయం, నేను సంప్రదాయవాదిని.

రెండో ప్రతి ఒకటి పక్క బెంచీ అమ్మాయి దగ్గర దొరికింది. మన ప్రతిలోని తప్పులన్నీ దానిలోనూ అదే చోట్ల ఉన్నాయి కాబట్టి ఏది మూలం, ఏది నకలు అన్న చర్చ పెద్దగా అక్కరలేదు. అయినా కొన్ని చోట్ల అధిక పాఠాలున్నాయి. దాన్ని ‘ఖ’ ప్రతి అంటున్నాను.

ఇక గ్రంథపాతాలు. మూలంలో ఒక మనిషి పేరు వచ్చిన ప్రతిచోటా బాల్‌పెన్నుతో గీతల మీద గీతలు గీసి, కాగితం చిరిగేదాకా కొట్టివేయబడి ఉన్నది. అట్టి చోట్ల ××× అని గుర్తు పెట్టాను. చెదలు తిన్నాయా, తడిసిందా అంటే అదేం కాదు. కటీఫ్.

ఒకటవ అధ్యాయము: బస్సు

మూలం: “పొద్దుగాల ఆరింటికి బస్సు అన్నరు. ఏడున్నరకు వచ్చింది. కిటికీ సీటు నాది అన్న. కాదు నాది అన్నడు ×××. కొల్చారం కాడ ××× కక్కిండు. అప్పుడు కిటికీ సీటు వానికే ఇచ్చినం.”

టీక: పొద్దుగాల = ప్రాతఃకాలమునందు; ఆరింటికి = ఆరు గంటలకు అని వాచ్యార్థము, ఎప్పుడో ఒకప్పుడు అని లక్ష్యార్థము; బస్సు = అద్దెకు తెచ్చిన వాహనము; అన్నరు = ఎవరో పలికిరి (కర్త లోపించినది; బాధ్యుడు లేడని ధ్వని); కిటికీ సీటు = గవాక్షసమీపస్థమైన ఆసనము, సర్వజనాభిలషితము; నాది = నాది; కక్కిండు = స్పష్టము.

తాత్పర్యం: ఆరింటికని చెప్పిన బస్సు ఏడున్నరకు వచ్చినదనియు, సీటు విషయమై ఇద్దరికి వివాదము రాగా వాంతి చేసుకొన్నవానికే అది దక్కినదనియు భావము.

విశేషం: ఈ కావ్యానికి మంగళాచరణం లేదేమని శంక. గ్రంథారంభంలో ఇష్టదేవతను తలచాలి గదా? మార్జిను పైన తేదీ వేసి, దాని కింద రెండు గీతలు కొట్టి ఉన్నది. మూడో తరగతిలో దేవతకు ఇంతకంటే మర్యాద లేదు.

కొల్చారం ప్రస్తావన సామాన్యమైనది కాదు. మెదక్ నుంచి నర్సాపూర్ మీదుగా హైదరాబాద్ పోయే దారిలో బస్సు ఎక్కి కాళ్లు చాపుకునేలోపే ఈ ఊరొస్తుంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన కోలాచల మల్లినాథసూరి ఊరు ఇదే; ఆ ఇంటిపేరు ఈ ఊరిదే. భారవి కావ్యానికి ఆయన రాసిన వ్యాఖ్య పేరు ‘ఘంటాపథం’. నా వ్యాఖ్యకు ‘లాంగ్‌బెల్లు’ అని పేరు పెట్టుకోవడం ఆ అడుగుజాడల్లోనే అని వినమ్రంగా మనవి. అట్టి పుణ్యస్థలంలో, వ్యాఖ్యాతలకు పెద్దదిక్కయిన ఆ మహానుభావుడి ఊరి పొలిమేరలో, యాత్ర తొలి వాంతి జరగడం యాదృచ్ఛికమా? కాదు. ఇంట్లో “దూరం పోవాలె, కడుపు నిండ తిను” అని ఐదున్నరకే నాలుగు ఇడ్లీలు పెట్టారు. గంటన్నర బస్సు కోసం నిలబెట్టారు. ఆ పైన కుదుపులు. కారణాలన్నీ కూడిన చోట కార్యం పుట్టక తప్పదు.

సీటు ఇవ్వడాన్ని అరుణవ్యాఖ్య “మంచి అలవాటు” అని మెచ్చుకున్నది. నీతి సంగతి అలా ఉంచండి. శాస్త్రం కూడా ఇదే చెప్తుంది. బస్సు లోపల చూపు నిలిపితే కళ్లు ‘కదలడం లేదు’ అంటాయి, చెవి లోపలి సమతౌల్య యంత్రం ‘కదులుతున్నాం’ అంటుంది. ఈ రెండు సాక్ష్యాలు పొసగక కడుపు తిరుగుతుంది. కిటికీలోంచి దూరంగా చూస్తే సాక్షులిద్దరూ ఒక్క మాట మీదికి వస్తారు. పిల్లలకు ఇదంతా తెలియదు. పక్కన కూర్చున్నవాళ్ల లంగాలకు మాత్రం తెలుసు.

రెండవ అధ్యాయము: కోతులు

మూలం: “నర్సాపూర్ అడివిల కోతులు రోడ్డు మీదనే ఉన్నయి. వాటికి టికెట్ లేదు. సారు కిటికీలు మూయుండ్రి అన్నడు. ఒక కోతి ××× పులిహోర డబ్బా చూసింది. జూ అయిపోయిందా అని ××× అడిగిండు.”

టీక: సుగమము.

విశేషం: నర్సాపూర్ అడవి గుండా పోయేవాళ్లు కారాపి అరటిపండ్లూ బిస్కెట్లూ వేస్తారు. అందుకని కోతులు చెట్లు వదిలి రోడ్డు పట్టాయి. వేయొద్దని చెప్పే బోర్డులుంటాయి. కోతులకు చదువు రాదు, మనకు వచ్చినా లాభం లేదు.

“వాటికి టికెట్ లేదు” అనే వాక్యంలో శ్లేష ఉన్నదా? వాటిని చూడడానికి మనకు టికెట్ లేదని ఒక అర్థం. మనల్ని చూడడానికి వాటికి టికెట్ లేదని మరొకటి. కిటికీలు మూసుకుని లోపల కూర్చున్న నలభై మంది, బయట తీరికగా తిరుగుతున్న కోతులు: ఏది జూ అన్నది ఈ ఘట్టంలో నిశ్చయించడం కష్టం. కనుక “జూ అయిపోయిందా” అన్న ప్రశ్నకు బస్సులో అందరూ నవ్వారట గానీ, ఎవరూ జవాబు చెప్పినట్టు మూలంలో లేదు. ఆ కుర్రవాడు తర్కశుద్ధి గలవాడు.

పాఠభేదం: డబ్బాను కోతి “చూసింది” అని మన ప్రతి. “తీసుకపోయింది” అని ‘ఖ’ ప్రతి. ఏది గ్రాహ్యం? మూడో అధ్యాయంలో ఈ కుర్రవాడికి డబ్బా లేదని కవయిత్రే చెప్తుంది. కాబట్టి కోతి చూడడంతో ఊరుకోలేదు. అయినా మన పాఠమే మేలు. ‘చూసింది’ అని ఆపి, మిగతాది పాఠకుడి ఊహకు వదలడంలో ధ్వని ఉన్నది. తీసుకపోయిందని చెప్పేస్తే అది పేపర్ వార్త.

మూడవ అధ్యాయము: లెక్క

మూలం: “జూ కాడ దిగినం. మేడమ్ లెక్కపెట్టింది. నలభై ఒకటి వచ్చింది. మళ్ల లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది వచ్చింది. మళ్ల లెక్కపెట్టింది. నలభై రెండు వచ్చింది. మేడమ్ కూసుంది. ××× కాడ డబ్బా లేదు. నేనొక పూరీ ఇచ్చిన. అందరు ఒక్కొక్కటి ఇచ్చిండ్రు. వాని కాడ మా అందరికంటే ఎక్కువ అయినయి.”

తాత్పర్యం: నలభై మందిని మూడుసార్లు లెక్కించగా మూడు సంఖ్యలు వచ్చినవనియు, అంతట ఉపాధ్యాయిని చతికిలబడినదనియు, అన్నము పోగొట్టుకొన్నవాడే ఎక్కువ భుజించెననియు భావము.

విశేషం: ఈ అధ్యాయంలోని పాండిత్యం అర్థం కావాలంటే స్థలజ్ఞానం కావాలి. హైదరాబాద్ బహదూర్‌పురాలోని నెహ్రూ జూలాజికల్ పార్కును 1959 అక్టోబరు 26న స్థాపించారు, 1963 అక్టోబరు 6న జనానికి తెరిచారు. అంతకుముందు నగరంలోని జంతువులు పబ్లిక్ గార్డెన్స్‌లో, అంటే పాత పేరున బాగే ఆమ్‌లో, ఉండేవి. ఇప్పటి జూ 380 ఎకరాలు. పక్కనే మీర్ ఆలం చెరువు, దాని కట్టకు అర్ధచంద్రాకారపు కమాన్లు ఇరవై ఒకటి. సోమవారం సెలవు. అందుకే యాత్ర మంగళవారం పడింది. మంగళవారం ఏ శుభకార్యమూ తలపెట్టవద్దన్న మా ఆవిడ మాట ఎవరూ వినలేదు.

380 ఎకరాలను నలభై మందికి పంచితే తలకు తొమ్మిదిన్నర ఎకరాలు. మా మండలంలో అంత భూమి ఉన్న ఆసామిని పెద్దరైతు అంటారు. ఇంత జాగాలో ఒక్కొక్కరూ ఒక్కో దిక్కు చూస్తుంటే లెక్క కుదరడం అసాధ్యం. నలభై ఒకటి, నలభై రెండు ఎలా వచ్చాయంటారా? అదే గేటు దగ్గర అదే రంగు టోపీలతో మరో బడి దిగింది. ఇది మూలంలో లేదు. బస్సు డ్రైవరును అడిగి తెలుసుకున్నాను. ముప్పై ఎనిమిది ఎలా వచ్చిందన్నది డ్రైవరుకూ తెలియదు.

“మేడమ్ కూసుంది” అన్న వాక్యాన్ని అరుణవ్యాఖ్య కొట్టివేసి, “ఉపాధ్యాయిని మమ్ములను వరుసలో నిలబెట్టినది” అని పూరించింది. రెండూ ఏకకాలంలో జరిగి ఉండవచ్చునని సమన్వయం చేద్దామనుకున్నాను. కూర్చుని వరుసలో నిలబెట్టడం ఎలా సాధ్యమో మా ఇంట్లో ప్రయత్నించి చూశాను, మనుమలు నిలబడలేదు. కాబట్టి మూలమే ప్రమాణం.

పూరీల వాక్యంలో అలంకారం ఏదన్న చర్చ అనవసరం. క్లాసులో నలభై మంది ఉంటే, ఇచ్చేవాళ్లు ముప్పై తొమ్మిది మంది. ఇంట్లో తెచ్చుకున్నది కోతి పాలైనవాడికి ఇన్ని ఇండ్ల వంట దక్కింది. ఏ యజ్ఞఫలం ఇంతకంటే తొందరగా వస్తుంది!

నాలుగవ అధ్యాయము: సింహం

మూలం: “సఫారీ బండి ఎక్కినం. బండికి జాలి ఉంది. మేము లోపట, సింహాలు బయట. సింహం పండుకుంది. ఇంకో సింహం కూడ పండుకుంది. అందరం ఓ అని ఒర్లినం. డ్రైవర్ అంకుల్ ఒర్లొద్దు అన్నడు. సింహం మా కోసం లేవలే.”

టీక: సఫారీ బండి = జాలీ బిగించిన వాహనము; జాలి = ఇనుప వల (కరుణ అను అర్థము ఇచట పొసగదు, అయినను పాఠకుని ఇష్టము); పండుకుంది = నిద్రించినది; ఒర్లినం = దిక్కులు పిక్కటిల్ల అరచితిమి; మా కోసం = మా నిమిత్తము, అనగా మెదక్ నుండి వచ్చినామని తెలిసియు; లేవలే = లేవలేదు.

విశేషం: ఈ గ్రంథానికి ప్రాణం ఈ ఆఖరి వాక్యం. దీన్నే అరుణవ్యాఖ్య అడ్డంగా కొట్టివేసి, పైన ఇలా రాసింది: “సింహము అడవికి రాజు. అది బిగ్గరగా గర్జించును.” ఇక్కడ నేను ఊరుకోలేను.

మొదటి ఆక్షేపణ ప్రమాణం గురించి. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నైయాయికులు ప్రమాణాలు నాలుగు చెప్పారు. మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో కూడా వరుస అదే, ప్రత్యక్షమే ముందు. నలభై మంది పిల్లలు జాలీకి ముక్కులానించి, సింహం కళ్లు మూసుకుని ఉండడం చూశారు. పాఠ్యపుస్తకం గర్జించును అన్నది. ప్రత్యక్షానికీ శబ్దానికీ తగాదా వస్తే ఏది నెగ్గాలి? పైగా అరుణవ్యాఖ్యాత్రి కూడా అదే బండిలో, అదే వరుసలో కూర్చుని ఉన్నారు. వారికి వినిపించిన గర్జన డ్రైవరుకు వినిపించలేదు.

రెండవది వస్తుతత్త్వం గురించి. సింహం రోజులో ఇరవై గంటల దాకా పడుకునే జీవి. దాని పని సాయంకాలం, రాత్రి. పొద్దున పదకొండు గంటలకు ఒక సింహాన్ని లేచి గర్జించమనడం, నైట్ డ్యూటీ చేసి వచ్చిన కానిస్టేబుల్‌ను మధ్యాహ్నం లేపి సెల్యూట్ కొట్టమన్నట్టు. “అడవికి రాజు” అన్నదీ విచారించదగ్గదే. ఆసియా సింహాలు స్వేచ్ఛగా మిగిలింది గుజరాత్‌లోని గిర్ ప్రాంతంలోనే. అది ఎండు అడవి, ముళ్ల పొదలు. మన అమ్రాబాద్‌లో, కవ్వాల్‌లో అడవి ఉంది, పులి ఉంది, సింహం లేదు. మరి ఏ అడవికి రాజు? రాజ్యం లేని రాజును రాజని పిలవడం తప్పు కాదు, హైదరాబాద్‌లో అలాంటి మర్యాద చాలాకాలం నడిచింది. కానీ పరీక్షలో దానికి మార్కులు వేయడం వేరు.

మూడవది చరిత్ర. 2021 మే నెలలో ఇదే జూలో ఎనిమిది సింహాలకు కరోనా సోకింది. దేశంలో జంతువులకు అది సోకినట్టు తేలడం అదే మొదలని అప్పుడు పత్రికలన్నీ రాశాయి. తర్వాత అవి కోలుకున్నాయి. మనిషి కనిపిస్తే మొహం అటు తిప్పుకుని పడుకోవడం, సింహం వైపు నుంచి చూస్తే, ముందుజాగ్రత్త.

మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ముందే ప్రతిజ్ఞ చేసుకుని కలం పట్టినవాడు మల్లినాథుడు. అరుణవ్యాఖ్య ఒక్క గీటుతో ఆ మొదటి సగాన్ని తప్పింది. రెండో సగాన్ని ఎవరు తప్పుతున్నారన్నది ఇక్కడ అప్రస్తుతం.

ఇంతకీ ఆ వాక్యంలో ఏముంది? ఫీజు కట్టారు. ఐదింటికి లేచారు. వాంతులు చేసుకున్నారు. పూరీలు పంచుకున్నారు. బారులు తీరారు. ఇంత చేసి చేరుకుంటే అవతలివాడు లేవలేదు. దీన్ని కరుణరసం అనేవాళ్లుంటారు. నేను ఒప్పుకోను. ‘లేవలే’ అన్న మాటలో నిష్ఠూరం లేదు. ఈ పిల్ల ఇంట్లో కూడా, బడి ఉన్న రోజున, తనను లేపవచ్చినవాళ్ల పట్ల ఇలాగే ప్రవర్తిస్తుంది. సాటివాడిని గుర్తుపట్టిన వాక్యమిది. ఈ రసానికి లక్షణగ్రంథాల్లో పేరు లేదు.

ఐదవ అధ్యాయము: చీకటి ఇల్లు

మూలం: “చీకటి ఇల్లు ఉంది. పగటీలి కూడ లోపట రాత్రే. ఏం కనబడలే. దేవాంగపిల్లిని చూడుండ్రి అన్నది మేడమ్. చూసినం అన్నం. బయటికొచ్చినంక లెక్కపెడితే ముప్పై తొమ్మిది. మళ్ల లెక్కపెట్టినా ముప్పై తొమ్మిదే. మేడమ్ కొంచెం ఏడ్చింది. ××× తాబేలు కాడ ఉన్నడు. అది నడుస్తదని చూస్తున్నడు. నడిచిందా అన్న. ఇంకా లేదు అన్నడు. నేను కూడ కొద్దిసేపు చూసిన.”

టీక: చీకటి ఇల్లు = నిశాచర జంతుశాల; దేవాంగపిల్లి = పెద్ద గుండ్రని కన్నులు, సన్నని కాళ్లు గల నిశాచరము (పేరులో తప్ప పిల్లి కాదు); చూసినం = చూడలేదు; అన్నం = అంటిమి.

విశేషం: నిశాచరాలకు మనం వచ్చే వేళ నిద్రవేళ. అందుకని ఆ శాలలో పగలు మసక వెలుతురు ఉంచి, రాత్రి దీపాలు వేస్తారు. అలా వాటి రేయింబవళ్లను తలకిందులు చేసి, మన పగలు అవి మెలకువగా ఉండేటట్టు చూస్తారు. ఎండలోంచి నేరుగా లోపలికి పోయిన కండ్లు చీకటికి అలవాటు పడడానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపట్లో వెనకాలవాళ్లు తోస్తారు, ముందువాళ్లు బయటపడతారు. అలా నలభై మంది ఒక దేవాంగపిల్లిని చూశామని ఏకకంఠంతో ఒప్పుకున్నారు. సభల్లో పెద్దలు కూడా ఇదే పద్ధతి పాటిస్తారు, ముఖ్యంగా పుస్తకావిష్కరణల్లో.

లెక్క విషయం గమనించాలి. ఇంతకుముందు మూడుసార్లు లెక్కిస్తే మూడు అంకెలు వచ్చాయి, పిల్లలందరూ ఉన్నారు. ఇప్పుడు రెండుసార్లు లెక్కిస్తే ఒక్కటే అంకె వచ్చింది, పిల్లవాడు లేడు. లెక్క కుదిరిందంటే ఏదో తప్పిందని అర్థం. ప్రభుత్వ ఆడిటర్లకు ఈ సూత్రం బాగా తెలుసు.

ఇక తాబేలు. ఈ జూలో గాలపాగోస్ జాతి పెద్ద తాబేళ్లు పేరున్నవి. వాటిలో ఒకటి 1963లో పబ్లిక్ గార్డెన్స్ నుంచి మిగతా జంతువులతో పాటు వచ్చి, 2024 మార్చిలో చనిపోయింది. వయసు దాదాపు 125 ఏండ్లని లెక్క. నిజాం ఏలుబడి, పోలీసు చర్య, హైదరాబాద్ రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ: అన్నీ దాని డిప్ప పక్కనుంచి నడిచిపోయినవే. అట్టి వంశపు జీవి మన బడి వచ్చిన మంగళవారం, భోజనాల తర్వాత, నాలుగున్నరకు బస్సు కదలాల్సి ఉందని తెలిసి అడుగు వేయాలని ఎవరూ ఆశించరు. ఒక్కడు ఆశించాడు.

ఎవడితడు? ఇక్కడే ఆ గ్రంథపాతాల చిక్కు విప్పవలసి ఉంది. కిటికీ సీటుకు పేచీ పెట్టినవాడు, కొల్చారంలో కక్కినవాడు, జూ అయిపోయిందా అన్నవాడు, పులిహోర పోగొట్టుకున్నవాడు, తాబేలు దగ్గర నిలబడినవాడు వేర్వేరు పిల్లలని తొలుత భ్రమ కలుగుతుంది. కొట్టివేతలను వెలుతురుకు పట్టి చూశాను. అన్నిచోట్లా గీతల పొడవు ఒకటే, నాలుగు అక్షరాలు. అన్నిచోట్లా ఆఖరి అక్షరం పొట్ట గీతల కిందినుంచి పొడుచుకొచ్చి ఉన్నది. వీడు ఒక్కడే! ఇన్నిసార్లు పేరు వచ్చిన పాత్ర గ్రంథంలో మరొకటి లేదు. నాయకుడు దొరికాడు. ధీరోదాత్తుడు కాడు, ధీరలలితుడు కాడు. ధీరశాంతుడు అందామంటే కిటికీ సీటు అడ్డం వస్తుంది. శాంతుడయ్యింది తాబేలు దగ్గర మాత్రమే.

ఈ అధ్యాయంలో మరో విశేషం. పేరు కొట్టివేసిన గీతల పైన, చిన్న అక్షరాలతో, అదే పేరు మళ్లీ రాసి ఉన్నది. అంటే ఇక్కడికి వచ్చేసరికి జట్టు కలిసింది. ఆ పేరును నేను ఇక్కడ ఇవ్వను. కొల్చారం సంగతి నలుగురికీ తెలిస్తే రేపు పిల్లవాడికి సంబంధాలు రావు.

“నేను కూడ కొద్దిసేపు చూసిన” అనే వాక్యం పక్కన అరుణవ్యాఖ్య ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేసింది. ఆ కోపాన్ని అర్థం చేసుకోవచ్చు. అటు ఉపాధ్యాయిని కంట నీరు పెట్టుకుని మైకులో చెప్పించడానికి పరుగెడుతున్నది. ఇటు తప్పిపోయినవాడు కండ్ల ముందే దొరికాడు. దొరికినవాడిని పట్టుకుపోవాల్సింది పోయి, వాడి పక్కన నిలబడి తాబేలును చూస్తారా? చూస్తారు. తాబేలు నడిచే క్షణంలో వెనక్కి తిరిగి ఉంటే ఎవరు జవాబుదారీ?

నడిచిందా లేదా అన్నది మూలంలో లేదు. ‘ఖ’ ప్రతిలో “నడిచింది” అని ఉన్నది. ఆ అమ్మాయి అప్పుడు ఐస్‌క్రీమ్ బండి దగ్గర ఉన్నట్టు నలుగురు సాక్షులున్నారు.

ఆరవ అధ్యాయము: ఇంటికి

మూలం: “ఐస్‌క్రీమ్ తిన్నం. అన్నిటికంటె అదే మంచిగుంది. బస్సుల అందరు పండుకున్నరు. ××× నా కిటికీ సీటు నాకిచ్చిండు. మేడమ్ కూడ పండుకుంది. మేము లేపలే.”

తాత్పర్యం: స్పష్టము.

విశేషం: మొదటి రెండు వాక్యాలను బట్టి ఈ కావ్యానికి అంగిరసం ఐస్‌క్రీమే అని వాదించేవారున్నారు, మా అబ్బాయి అందులో ఒకడు. 380 ఎకరాలు తిరిగొచ్చి ఐస్‌క్రీమ్ బాగుందనడమేమిటని వాడి బాధ. అది మెదక్‌లో కూడా దొరికేదే కదా అన్నాడు. మెదక్‌లో దొరికేది క్లాసంతా కలిసి, ఎండలో, మేడమ్ డబ్బులతో తినేది కాదు.

అరుణవ్యాఖ్య తీర్పు: “7/10. చేతివ్రాత బాగున్నది. చూసిన జంతువుల పేర్లు వ్రాయలేదు.” ‘ఖ’ ప్రతికి తొమ్మిది వచ్చాయి. దానిలో ఏనుగు, పులి, జిరాఫీ, ఖడ్గమృగం, నీటిగుర్రం, మొసలి అని వరుసగా ఉన్నాయి; గేటు దగ్గరి బోర్డు మీద ఉన్న వరుసే. మన కవయిత్రి గ్రంథంలో జంతువులు మూడే: కోతి, సింహం, తాబేలు. దేవాంగపిల్లిని లెక్కలోకి తీసుకోను, అది చూసినం అన్నదే గానీ చూసింది కాదు. ఏనుగును చూడలేదా అని అడిగితే, “చూసిన తాతా, బొమ్మేసిన గద అట్ట మీద” అన్నది. కాబట్టి అట్టను కూడా మూలంలో భాగంగా పరిగణించి కనీసం ఒక మార్కు కలపవలసిందని విదుషీమణిని సవినయంగా కోరుతున్నాను. అవతారికలో అట్టకు సంబంధం లేదన్నాను గదా అని ఎవరైనా గుర్తుచేస్తే, వ్యాఖ్యాతలు ముందు పూర్వపక్షం చెప్పి తర్వాత సిద్ధాంతం చెప్పడం మామూలేనని జవాబు.

“మేడమ్ కూడ పండుకుంది. మేము లేపలే.” ప్రతి వాక్యం మీదా గీటో సున్నానో టిక్కో పెట్టిన అరుణవ్యాఖ్య ఈ రెండింటి దగ్గర మౌనం వహించింది. పంక్తుల నడుమ ఎర్ర చుక్క కూడా లేదు. సింహం వాక్యాన్ని కొట్టివేసిన చేయి ఇక్కడ ఎందుకు ఆగిందో పండితులు ఆలోచించుకోవచ్చు. నలభై మందిని మూడుసార్లు లెక్కించి, ఒకసారి ఏడ్చి, తిరుగు ప్రయాణంలో మరో వాంతిని సంచిలో పట్టిన మనిషి గురించి ఇంతకుమించి నేనూ వాదన పెంచను. రావలసిన మార్కు ఒక్కటీ వదిలేస్తున్నాను.

‘తల్లిదండ్రుల సంతకం’ అన్న చోట మా అబ్బాయి ఫోన్లో మాట్లాడుతూ సంతకం పెట్టాడు. అది కూడా ఒక వ్యాఖ్యే.

ఇంతవరకు రాసి కలం మూయబోతుండగా కవయిత్రి వచ్చి, నా ముందున్న ప్రతిని లాక్కుని, ఐదో అధ్యాయంలో పైన చిన్నగా రాసిన పేరును మళ్లీ కొట్టివేసింది. కారణం అడిగాను. “వాడు నా స్కేలు ఇరగ్గొట్టిండు” అన్నది. ఆరో అధ్యాయంలో కిటికీ సీటు ఇచ్చిన వాక్యాన్ని కూడా తీసేయాలా వద్దా అని పెన్ను పట్టుకుని ఆలోచిస్తున్నది. పాఠం ఇంకా స్థిరపడలేదు కనుక వ్యాఖ్య ఇక్కడికి ఆపుతున్నాను.